అన్నీ చుక్కలే కదా, మరి కృష్ణబిలం బరువు ఎలా తూచారు?

ప్రశ్న: "బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లోవాళ్ళను ఒప్పించి ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు కొనుక్కున్నాను. శని వలయాలు, గురుడి చందమామలు చూశాక మిగతావన్నీ చుక్కలే. వార్తల్లో మాత్రం ఫలానా నక్షత్రానికి గ్రహం దొరికింది, ఫలానా కృష్ణబిలం ఇన్ని సూర్యుల బరువు అని రాస్తుంటారు. ఇదంతా చూసి చెబుతున్నారా, ఊహించి చెబుతున్నారా? నా టెలిస్కోపుతో వీటిలో ఏదైనా చేయగలనా?"

చూసే చెబుతున్నారు. కాకపోతే చాలాసార్లు చూసింది వార్తలో పేరున్న వస్తువును కాదు, దాని పక్కనున్నదాన్ని. గ్రహం దొరికిందంటే నూటికి తొంభై పాళ్ళు ఎవరో ఒక నక్షత్రాన్ని నెలల తరబడి కొలిచారని అర్థం. కృష్ణబిలం బరువు తెలిసిందంటే దాని పక్కన తిరిగే నక్షత్రాన్నో, చుట్టూ మెరిసే వాయువునో కొలిచారని అర్థం. కాబట్టి ఆ కనబడే వస్తువు గురించి మనకు ఎంత తెలుసో, కనబడని దాని గురించీ అంతే తెలుస్తుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం వార్తల్లో ఏది గట్టిదో, ఏది తొందరపాటో మీరే చెప్పగలరు.

నేను ఉద్యోగరీత్యా ఖగోళ శాస్త్రవేత్తను కాను. ఎమ్మెస్సీ తర్వాత వేరే దారి పట్టాను, కానీ పదిహేనేళ్ళుగా మా డాబా మీద నుంచి నక్షత్రాల వెలుగు కొలుస్తున్నాను. అందులో తిన్న దెబ్బలు కూడా కింద చెబుతాను.

ముందు మీకు తెలిసిన నక్షత్రంతోనే మొదలుపెడదాం. పెళ్ళిలో అరుంధతిని చూపిస్తారు కదా (పట్టపగలు ముహూర్తమైనా పురోహితుడు వేలు చూపించడం, పెళ్ళికూతురు కనబడిందని తలూపడం మామూలే). ఆ అరుంధతి పక్కనున్న వసిష్ఠుడు సప్తర్షుల తోకలో మధ్య చుక్క. మీ టెలిస్కోపు పెడితే వసిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోతాడు. అంతవరకు కంటికి కనబడేది. 1889లో హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పికరింగ్ ఆ రెండింటిలో పెద్ద చుక్క వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ) ఫొటోలు చూస్తుంటే, ఒక నల్లరేఖ కొన్ని రోజులు ఒకటిగా, కొన్ని రోజులు రెండుగా కనబడింది. అంటే ఆ ఒక్క చుక్కలో రెండు నక్షత్రాలున్నాయి. ఒకటి మనవైపు వస్తున్నప్పుడు ఇంకోటి వెనక్కి పోతోంది. వచ్చేదాని రేఖ నీలం వైపు, పోయేదాని రేఖ ఎరుపు వైపు జరుగుతుంది, అందుకే రేఖ చీలుతోంది. ఇరవై రోజుల చిల్లరకు ఒక చుట్టు. అప్పటి ఏ టెలిస్కోపుకూ విడిపోని జంటను వర్ణపటం విడదీయడం అదే మొదటిసారి. ఇప్పుడు మీరు వార్తల్లో చదివే గ్రహాల్లో, కృష్ణబిలాల్లో చాలావాటిని దొరకబట్టడానికో, తూచడానికో వాడింది ఈ వసిష్ఠుడి కిటుకే.

కిటుకు అర్థం కావాలంటే ఆడపిల్లలు ఆడే ఒప్పులకుప్ప గుర్తుతెచ్చుకోండి. ఇద్దరు చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతారు. సమానమైన పిల్లలైతే ఇద్దరివీ సమానమైన చుట్లు. అక్క, చిన్న చెల్లెలు తిరిగితే చెల్లెలు పెద్ద చుట్టు తిరుగుతుంది, అక్క ఉన్నచోటే కాస్త ఊగుతుంది. ఇప్పుడు చీకట్లో ఒక్కరి చేతికే దీపం ఉందనుకోండి. ఆ దీపం ఎంత వేగంగా, ఎన్ని క్షణాలకోసారి ఊగుతోందో చూసి, దీపం పట్టుకున్న పిల్ల బరువు తెలిస్తే, చీకట్లో ఉన్న పిల్ల బరువు లెక్కగట్టొచ్చు. "దీపం పట్టుకున్న పిల్ల బరువు తెలిస్తే" అన్నది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికే వస్తాను.

1971లో సిగ్నస్ ఎక్స్-1 విషయంలో జరిగింది ఇదే. 1964లో రాకెట్ ప్రయోగంలో హంస రాశి వైపు బలమైన ఎక్స్‌రేలు కనబడ్డాయి. తర్వాత ఆ చోట ఒక నీలి మహాతార ఉందని తేలింది. దాని వర్ణపటం తీస్తే 5.6 రోజులకోసారి, సెకనుకు సుమారు 75 కిలోమీటర్ల వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతోంది. అంత పెద్ద నక్షత్రాన్ని అలా ఊపేది మామూలుదైతే దాని వెలుగూ కనబడాలి. కనబడలేదు. ఇంగ్లండ్‌లో లూయీజ్ వెబ్‌స్టర్, పాల్ మర్డిన్, కెనడాలో టామ్ బోల్టన్ ఎవరికి వారే ఇది కృష్ణబిలం కావచ్చన్నారు. అప్పటికి ఆ మాట పైకి అనడానికి చాలామంది జంకేవారు. కాదని స్టీఫెన్ హాకింగ్, అవునని కిప్ థోర్న్ పందెం కూడా కాశారు. 1990లో హాకింగ్ ఓడిపోయానని ఒప్పుకున్నాడు.

ఇదే పద్ధతి గ్రహాలకు వాడాలంటే ఊపు ఘోరంగా తగ్గిపోతుంది. 1995లో మిషెల్ మేయర్, డిడియే క్వెలో ఫ్రాన్స్‌లోని ఓట్-ప్రొవాన్స్ వేధశాలలో 51 పెగాసీ అనే నక్షత్రం ఊగడం పట్టుకున్నారు. 4.23 రోజులకో చుట్టు, వేగం సెకనుకు సుమారు 57 మీటర్లు, అంటే గంటకు 205 కిలోమీటర్లు. వందే భారత్ రైలు కంటే కొంచెం ఎక్కువ, అంతే. కాంతి వేగంలో ఇది యాభై లక్షల్లో ఒక వంతు, వర్ణపట రేఖ జరిగేదీ అంతే. ఆ కాస్త జరుగుడును కొలిచినందుకు 2019లో నోబెల్ వచ్చింది. గురుడు మన సూర్యుణ్ణి ఊపే వేగం సెకనుకు పన్నెండున్నర మీటర్లు, ఊళ్ళో ఆటో పోయేంత. భూమి ఊపేది సెకనుకు 9 సెంటీమీటర్లు. అది తాబేలు నడక. కాంతి సంవత్సరాల అవతలున్న నిప్పుల గోళంలో తాబేలు నడక కొలవాలి మరి!

51 పెగాసీని మీరు చూడొచ్చు. పూర్వాభాద్ర రెండు చుక్కలను కలుపుతూ గీత గీస్తే, దాని మధ్యభాగానికి కాస్త పడమరగా ఉంటుంది. ప్రకాశ పరిమాణం 5.5 (ఈ అంకె ఎంత పెద్దదైతే చుక్క అంత మసక), చీకటి పల్లెలో కంటికే అందుతుంది.

ఇప్పుడు దీపం పట్టుకున్న పిల్ల దగ్గరికి వద్దాం. 2020లో యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ నుంచి పెద్ద ప్రకటన వచ్చింది. హెచ్‌ఆర్ 6819 అనే నక్షత్రంలో కృష్ణబిలం ఉంది, దూరం వెయ్యి కాంతి సంవత్సరాలే, దక్షిణార్ధగోళం వాళ్ళకు ఆ నక్షత్రం మామూలు కంటికే కనబడుతుంది అని. మన పత్రికల్లోనూ వచ్చింది. వాదన చక్కగానే ఉంది. ఒక నక్షత్రం 40 రోజులకో చుట్టు తిరుగుతోంది, వర్ణపటం చూస్తే అది సూర్యుడికి ఐదారు రెట్ల బరువుండే రకం, అలాంటిదాన్ని ఊపే కనబడని వస్తువు కనీసం నాలుగు సూర్యుల బరువుండాలి, కాబట్టి కృష్ణబిలం. తప్పెక్కడ జరిగిందంటే, దీపం పట్టుకున్న పిల్ల బరువులో. ఆ నక్షత్రం తన పై పొరలన్నీ పక్క నక్షత్రానికి ధారపోసి చిక్కి శల్యమైంది. పైకి వేషం ఐదారు సూర్యులది, లోపల బరువు అర సూర్యుడి పాటి. 2022లో చిలీలోని పెద్ద టెలిస్కోపులను జతచేసి చూస్తే రెండు మెరిసే నక్షత్రాలు పక్కపక్కనే కనబడ్డాయి, కృష్ణబిలం లేదు. నాకు నచ్చిన సంగతేమిటంటే, మొదటి ప్రకటన చేసినవాళ్ళూ, కాదని వాదించినవాళ్ళూ కలిసే ఆ పరిశీలన చేసి, కలిసే పత్రం రాశారు. మన దగ్గర టీవీ చర్చల్లో ఇలాంటిది ఎప్పుడైనా చూశారా?

సిగ్నస్ ఎక్స్-1లో కృష్ణబిలం గట్టిదే, కానీ బరువు మారింది. 2011లో దాదాపు 15 సూర్యులన్నారు. 2021లో రేడియో టెలిస్కోపులతో దూరం మళ్ళీ కొలిస్తే ఆరు వేలు అనుకున్నది 7,200 కాంతి సంవత్సరాలయింది. దూరం పెరిగితే ఆ నీలి నక్షత్రం అసలు వెలుగు పెరిగింది, దాంతో బరువు పెరిగింది, దాన్ని ఊపేదాని బరువు 21 సూర్యులకు చేరింది. కృష్ణబిలాన్ని ఎవరూ ముట్టుకోలేదు, మారింది నక్షత్రం గురించిన మన లెక్క.

అందుకే నక్షత్రాల స్థానాలు, దూరాలు కొలవడం లాంటి రుచీపచీ లేని పనికి నేను ఎక్కువ విలువిస్తాను. హైదరాబాద్ నిజామియా వేధశాలలో 1914 నుంచి ఏళ్ళ తరబడి గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసి, ఒక్కో చుక్కనూ కొలిచి పుస్తకాల్లోకి ఎక్కించారు. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకుంటే మనకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. అప్పట్లో అదంతా గుమాస్తా పనిలా కనబడి ఉంటుంది. 2000లో పాతిక లక్షల నక్షత్రాలతో టైకో-2 పట్టిక వచ్చినప్పుడు, శతాబ్దంలో ఏ చుక్క ఎంత జరిగిందో తేల్చడానికి ఆధారం ఆ పాత కొలతలే. తమిళనాడులోని కావలూరు వేధశాలకు ప్రాణం పోసిన వేణు బాపు తండ్రి పనిచేసింది ఈ నిజామియాలోనే. హార్వర్డ్‌కు వెళ్ళేదాకా బాపు చదువు కూడా హైదరాబాద్‌లోనే సాగింది.

ఇక రెండో కిటుకు ట్రాన్సిట్. గ్రహం తన నక్షత్రానికి అడ్డొస్తే వెలుగు కాస్త తగ్గుతుంది. గురుడంత గ్రహం సూర్యుడంత నక్షత్రానికి అడ్డొస్తే ఒక శాతం, భూమి అడ్డొస్తే పదివేలల్లో ఒక వంతు కూడా ఉండదు. హెచ్‌డీ 209458 అనే నక్షత్రానికి ఇది 1999లో మొదటిసారి పట్టుబడింది. పట్టిన బృందాల్లో ఒకటి డేవిడ్ షార్బొనో, టిమ్ బ్రౌన్‌లది. వాళ్ళు వాడింది అమెరికాలో కొలరాడోలోని బౌల్డర్‌లో, ఒక పార్కింగ్ స్థలంలో పెట్టిన పది సెంటీమీటర్ల పరికరం! మీ అద్దంలో సగం. ఆ నక్షత్రం వెలుగు మూడున్నర రోజులకోసారి, సుమారు మూడు గంటలపాటు, దాదాపు ఒకటిన్నర శాతం తగ్గుతుంది. ఒకటిన్నర శాతానికి వర్గమూలం తీస్తే 0.12. అంటే గ్రహం వ్యాసం నక్షత్ర వ్యాసంలో ఎనిమిదో వంతు. నక్షత్రం సూర్యుడికి 1.2 రెట్లు, కాబట్టి గ్రహం గురుడికి దాదాపు 1.4 రెట్లు. చూశారా, ఇక్కడా అదే కథ. నక్షత్రం సైజులో పది శాతం తప్పితే గ్రహం సైజులో పది శాతం తప్పుతుంది, ఘనపరిమాణం మూడో వంతు తప్పుతుంది, "ఇది రాతి గ్రహమా, వాయు గ్రహమా" అన్న వార్తే తారుమారవుతుంది.

నా దెబ్బ ఇక్కడే తగిలింది. ఈ నక్షత్రం మన అక్షాంశంలో దాదాపు నడినెత్తి మీదుగా పోతుంది, అక్టోబరులో సాయంత్రానికే ఎత్తుగా ఉంటుంది. ఒక దసరా సెలవుల్లో కెమెరా బిగించి కూర్చున్నాను. పట్టికలో ట్రాన్సిట్ మొదలు 19:00 అని ఉంది. ఏడింటికల్లా ఫొటోలు మొదలుపెట్టాను. ఎనిమిదిన్నర ప్రాంతంలో వెలుగు టక్కున ఒకటిన్నర శాతం పడింది. డాబా మీద ఒక్కణ్ణే గంతులేశాను. మళ్ళీ పైకి లేవడం మాత్రం కనబడలేదు, పదకొండింటికి మబ్బొచ్చింది కదా అని సర్దేసి పడుకున్నాను. మర్నాడు ఒక మిత్రుడికి గ్రాఫ్ పంపితే ఒకే ప్రశ్న అడిగాడు: "19:00 అంటే యూటీ కదా?" యూటీ అంటే ఖగోళ పట్టికల్లో వాడే ప్రపంచ ప్రామాణిక సమయం. అందులో 19:00 అంటే మనకు అర్ధరాత్రి పన్నెండున్నర. అసలు ట్రాన్సిట్ జరిగింది నేను గురకపెడుతున్నప్పుడు. మరి ఎనిమిదిన్నరకు పడిన ఆ ఒకటిన్నర శాతం ఏమిటి? అప్పుడే నక్షత్రం నడినెత్తి దాటింది, టెలిస్కోపును రెండో పక్కకు తిప్పాను, దాంతో చుక్క కెమెరాలో వేరే చోట పడింది. అక్కడ ఫిల్టర్ మీద ఒక ధూళి కణం నీడ ఉంది. నా "గ్రహం" అదీ!

ఆ రోజు నుంచి ఫ్లాట్ ఫ్రేములు తీయకుండా ఒక్క రాత్రి కూడా వదల్లేదు. పెద్ద ఖర్చేం కాదు. సంధ్యవేళ టెలిస్కోపు మూతికి తెల్ల బనియన్ గుడ్డ ముడతల్లేకుండా కట్టి, ఆకాశం వెలుగును ఓ ఇరవై ఫొటోలు తీస్తే, కెమెరాలో ఎక్కడెక్కడ నీడలున్నాయో అందులో పడతాయి. వాటితో భాగిస్తే ధూళి మచ్చలు పోతాయి.

ఇంకోటి, నక్షత్రాన్ని ఒంటరిగా ఎప్పుడూ కొలవొద్దు. గాలి పొర, మబ్బు తునక, కార్తీకంలో అద్దం మీద చేరే మంచు, అన్నీ వెలుగును మారుస్తాయి. అదే ఫొటోలో పక్కనున్న నాలుగైదు చుక్కలను తూకపురాళ్ళుగా పెట్టుకోవాలి. అన్నీ కలిసి తగ్గితే ఆకాశం మాయ, మీది ఒక్కటే తగ్గితే ఆలోచించాలి. తూకపురాయి రంగు కూడా మీ నక్షత్రం రంగుకు దగ్గరగా ఉండాలి, లేదంటే రెండూ పడమటికి వాలేకొద్దీ గాలి ఒకదాన్ని ఎక్కువ మింగి మీకు లేని పల్లం చూపిస్తుంది.

నక్షత్రం తానే మోసం చేయడం కూడా ఉంది. హెచ్‌డీ 166435 అనే నక్షత్రం 3.8 రోజులకోసారి అచ్చం గ్రహం ఉన్నట్టే ఊగింది. తీరా చూస్తే అది నక్షత్రం ముఖం మీది మచ్చలు తిరగడం. 2001లో "ఇక్కడ గ్రహం లేదు" అని పత్రం రాసిన బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? 51 పెగాసీ గ్రహాన్ని కనుక్కున్న క్వెలోయే.

చురుకైన గెలాక్సీల (నడుమ ఉన్న కృష్ణబిలం వాయువును మింగుతూ మెరిపించేవి) దగ్గర ఈ రెండు కిటుకులూ పనిచేయవు. నడుమ ఉండే కృష్ణబిలం కోట్ల సూర్యుల బరువు, చుట్టూ తిరిగే వాయువు ఏ ఒంటరి టెలిస్కోపుకూ చుక్కే. అక్కడ వాడేది బావిలో కేక. బావిలోకి అరిచి ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూస్తే నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది కదా. కృష్ణబిలం అంచున వేడెక్కిన పదార్థం ఒకరోజు భగ్గున మండుతుంది. ఆ వెలుగు బయటి వాయుమేఘాలను చేరి, అవి మెరవడానికి కొన్ని రోజులో వారాలో పడుతుంది. ఆ ఆలస్యం మేఘాల దూరం చెబుతుంది. వర్ణపట రేఖ వెడల్పు మేఘాల వేగం చెబుతుంది. దూరం, వేగం తెలిస్తే నడుమ ఉన్నదాని బరువు మీ ఇంటర్ ఫిజిక్స్‌తో వచ్చేస్తుంది. కష్టమల్లా ఓపికలో ఉంది. నెలల తరబడి రాత్రి తప్పకుండా కొలవాలి, వాన పడితే ప్రతిధ్వని పోతుంది. ఎన్‌జీసీ 5548 అనే గెలాక్సీని దశాబ్దాలుగా ఇలా వెంటాడుతున్నారు. అతినీలలోహిత, ఎక్స్‌రే వెలుగులను ఒకేసారి చూస్తే మంట ఎక్కడ మొదలైందో ఇంకా బాగా తెలుస్తుంది. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం ప్రత్యేకత అదే.

మీ టెలిస్కోపుకు అందే అలాంటి వస్తువు త్రీసీ 273. కన్యా రాశిలో ఉంటుంది, పరిమాణం సుమారు 12.9. మార్చి, ఏప్రిల్ నెలల్లో అమావాస్య రోజుల్లో, ఊరి దీపాలకు దూరంగా వెళ్ళి, మంచి పటం చేతిలో పెట్టుకుని వెతకండి. అదీ చుక్కే, ముందే చెబుతున్నాను. 1963 ఫిబ్రవరిలో మార్టెన్ ష్మిట్ ఆ చుక్క వర్ణపటం ముందు పెట్టుకుని, అర్థంకాని రేఖలు మామూలు హైడ్రోజన్‌వేనని, కాకపోతే 16 శాతం ఎరుపు వైపు జరిగాయని పసిగట్టాడు. క్వాజర్ల (నక్షత్రంలా చుక్కగా కనబడే, బాగా దూరపు చురుకైన గెలాక్సీల నడిబొడ్డుల) కథ అక్కడ మొదలైంది. మీ కంట్లో పడే ఆ కాంతి బయలుదేరి రెండు వందల కోట్ల ఏళ్ళు దాటింది. 2018లో చిలీలోని నాలుగు ఎనిమిది మీటర్ల టెలిస్కోపులను జతచేసి దాని నడుమ వాయువు తిరగడాన్ని నేరుగా కొలిచారు. మేఘాల దూరం సుమారు 150 కాంతిదినాలు, నడుమ బరువు సుమారు 30 కోట్ల సూర్యులు.

ఇక మీరేం చేయగలరంటారా? డాబ్సోనియన్‌కు చుక్క వెంట తిరిగే మోటారు ఉండదు కాబట్టి ట్రాన్సిట్లు దానితో కుదరవు, దాని కోసం ఇప్పుడే డబ్బు తగలేయొద్దు. ఎవరి దగ్గరైనా డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, చిన్న ట్రాకర్ అరువు దొరికితే, 200 మిల్లీమీటర్ల లెన్సుతో హెచ్‌డీ 209458 ప్రయత్నించొచ్చు. ఫోకస్ కావాలనే కొంచెం చెడగొట్టండి, చుక్క చాలా పిక్సెళ్ళ మీద పరుచుకుంటే కొలత నిలకడగా ఉంటుంది. ఆకుపచ్చ రంగు భాగాన్నే కొలవండి.

అంతకంటే ముందు కంటితో అలవాటు చేసుకోండి. ఆల్గాల్ నక్షత్రం 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మూడో వంతు వెలుగుకు పడిపోతుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాయంత్రాలు బాగా కనబడుతుంది. ట్రాన్సిట్‌కు అన్న లాంటిది. ఆరుద్రను రోహిణితో, పునర్వసు జంటలో ప్రకాశవంతమైనదానితో పోల్చి వారానికోసారి రాసుకోండి. 2019 చివర ఆరుద్ర మసకబారి పేలిపోతుందని గోల చేశారే, అప్పుడు నా నోట్‌బుక్కులో అది రోహిణి కంటే తగ్గిపోయింది. తీరా కారణం ధూళి మేఘం. డాబ్సోనియన్‌కు సరిగ్గా సరిపోయేది ఎస్‌ఎస్ సిగ్ని. పక్క నక్షత్రం నుంచి వాయువు లాక్కునే శ్వేత కుబ్జతార అది. మామూలుగా 12వ పరిమాణంలో పడి ఉండి, ఏడెనిమిది వారాలకోసారి 8 దాకా ఎగబాకుతుంది. కృష్ణబిలం చుట్టూ పళ్ళెంలా తిరిగే వాయువుకు చిన్న నమూనా. చరతారల (వెలుగు మారే నక్షత్రాల) పరిశీలకుల అమెరికన్ సంఘం ఏఏవీఎస్‌ఓ 1911 నుంచి ఇలాంటి అంచనాలు పోగుచేస్తోంది, మీవీ తీసుకుంటుంది. సమయం మాత్రం యూటీలో రాయండి, నా గతి పట్టించుకోకండి.

హంస రాశిలోనే వీ404 సిగ్ని అనే కృష్ణబిలం జంట ఉంది. సాధారణంగా 18వ పరిమాణం, మీకు అందదు. 1989 తర్వాత పాతికేళ్ళకు పైగా నిద్రపోయి 2015 జూన్‌లో లేచింది. అప్పుడు దాని వెలుగు నిమిషాల్లో ఎగిసిపడుతుంటే 20 సెంటీమీటర్ల టెలిస్కోపుతో కూడా చూడొచ్చని జపాన్ పరిశోధకులు రాశారు. సరిగ్గా మీ దగ్గరున్న సైజు. ఆ పది పన్నెండు రోజులూ మా ఊళ్ళో నైరుతి మబ్బులు. టార్పాలిన్ కప్పిన టెలిస్కోపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఒక్క రాత్రి కూడా హంస కనబడలేదు.